అల్‌హమ్రా టికెట్టులో లేనివాళ్ళు

ఆదివారం అనుబంధాల్లోనూ టూరిజం పుస్తకాల్లోనూ 'చూసి తీరాల్సిన ప్రదేశాలు' అని ఒక జాబితా ఉంటుంది. తాజ్‌మహల్, పిరమిడ్లు, చైనా గోడ, ఈఫిల్ టవర్. ఆ జాబితాల్లో తరచూ కనిపించే రెండు పేర్లు స్పెయిన్ దేశానివి. ఒకటి గ్రనడా పట్నంలో కొండ మీదున్న అల్‌హమ్రా కోట. రెండోది కొర్దోబా మస్జిద్. ఉర్దూలో మనం గర్నాతా అనీ, ఖుర్తుబా అనీ పిలుచుకునేవి ఇవే. ఆ నేలను మనం అందలుస్ అంటాం.

పత్రికాఫీసులో పనిచేస్తున్న ఇన్నేళ్ళలో ఈ రెండు చోట్ల మీద నా బల్ల మీదికొచ్చిన వ్యాసాలన్నీ ఒకే అచ్చు. ఎర్ర చారలు, తెల్ల చారలు కలిసిన కమానులు. పన్నెండు రాతి సింహాలు మోసే ఫౌంటెన్. 'ఒకప్పుడు ఇక్కడ అరబ్బులు పాలించారు' అని ఒక వాక్యం. ఆ తర్వాత విమానం చార్జీలు, హోటళ్ళు, ఏ నెలలో వెళ్తే ఎండ తక్కువ అన్న సలహా.

'ఒకప్పుడు అరబ్బులు పాలించారు.' నా తగాదా ఈ వాక్యంతోనే. పాలించినవాళ్ళు పోయారు, సరే. పాలించనివాళ్ళు ఏమయ్యారు? పట్టుపురుగులు పెంచినవాళ్ళు, పొలాలకు కాల్వలు తీసినవాళ్ళు, కుండలు చేసినవాళ్ళు, గాడిదల మీద సరుకు మోసినవాళ్ళు ఎక్కడికి పోయారు? వాళ్ళు అరబ్బులేనా? అందలుస్ ముస్లింల్లో అత్యధికులు ఆ నేల మీదే పుట్టి, తరతరాలుగా ఇస్లాంలోకి వచ్చిన స్థానికులు. 'అరబ్బులు వచ్చారు, పాలించారు, పోయారు' అన్నప్పుడు వాళ్ళంతా కథలోంచి ఎగిరిపోతారు. ముస్లిం అంటే బయటి నుంచి వచ్చినవాడు, పోవాల్సినవాడు అన్న మాట ఆ చిన్న వాక్యంలో చప్పుడు లేకుండా స్థిరపడుతుంది. ఈ మాట తెలుగు ముస్లింకు కొత్తదా?

దెయ్యాలు, నిధులు, రాజులు

అల్‌హమ్రాను ప్రపంచ యాత్రికుల పటం మీద పెట్టిన పుస్తకాల్లో ముందు చెప్పాల్సింది అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్‌ది. 1829లో ఆయన ఆ కోటలోనే కొన్ని నెలలు కాపురమున్నాడు. 1832లో అల్‌హమ్రా కథలు అచ్చేశాడు. అప్పటికి కోట పాడుబడి ఉంది. పేద కుటుంబాలు అందులో తలదాచుకుంటున్నాయి. ఆయన పుస్తకం వచ్చాక యూరపు, అమెరికాల నుంచి జనం అక్కడికి కదిలారు. ఆయన బస చేసిన గదుల దగ్గర ఇవాళ ఆయన పేరున ఫలకం ఉంది. ఏడాదికి ఇరవై లక్షలకు పైగా జనం ఆ దారినే నడుస్తున్నారు.

ఇర్వింగ్ చెడ్డవాడు కాదు. తన కాలపు చాలామంది కంటే మంచివాడే. ముస్లింల నాగరికతను మెచ్చుకున్నాడు, వాళ్ళకు జరిగిన దానికి బాధపడ్డాడు. కానీ ఆ కథల్లో ముస్లిం ఎట్లా కనిపిస్తాడో చూడండి. గోడ కింద పాతిపెట్టిన బంగారానికి కాపలా కాసే ఆత్మ. మంత్రం వల్ల కొండ గుహలో నిద్రపోతున్న సైన్యం. బురుజులో బందీ అయిన రాకుమారి. అంటే నిధి, లేకపోతే దెయ్యం. నిధి, దెయ్యం రెండూ చచ్చినవాళ్ళవే. బతికున్న ముస్లిం ఆ కోటలో ఎక్కడా లేడు. మెచ్చుకోలు కూడా సమాధి కట్టగలదు.

ఇదే అచ్చు మన దగ్గరా నడుస్తుంది. చార్మినార్ అంటే భాగమతి ప్రేమకథ. గోల్కొండ అంటే వజ్రాలు, చప్పట్లు కొడితే పైదాకా వినిపించడం. కోట కింద ఇవాళ బతుకుతున్న మనుషుల సంగతి టూరిస్టు కరపత్రానికి పట్టదు.

మన ఏడుపు ఎవరి కోసం?

బయటివాళ్ళను అంటే సరిపోదు. ఉర్దూలో మనం చేసిందేమిటి? అబ్దుల్ హలీం షరర్ 'ఫ్లోరా ఫ్లోరిండా' దగ్గర్నుంచి నసీం హిజాజీ 'షాహీన్' దాకా అందలుస్ నవలలు మన ఇళ్ళల్లో చేతులు మారుతూ చిరిగిపోయేదాకా చదివిన పుస్తకాలు. వాటిల్లో గుర్రాలున్నాయి, కత్తులున్నాయి, గద్దార్లున్నారు. గర్నాతా పడిపోయింది గద్దార్ల వల్ల, మనం ఐష్‌లో పడి జిహాద్ మరిచినందువల్ల అన్న నీతి ఉంది. నేత పని చేసేవాడి ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్నది మాత్రం లేదు.

ఇక్బాల్ సంగతి వేరు. 1933లో ఆయన ఖుర్తుబా మస్జిద్ చూశాడు. ఆ కవిత 1935లో 'బాల్-ఎ-జిబ్రీల్'లో వచ్చింది. ఉర్దూ కవిత్వంలో దానికి సాటి వచ్చేవి చాలా తక్కువ. కాలం అన్నిటినీ చెరిపేస్తుందని మొదలుపెట్టి, ఇష్క్ చేసిన పనిని మాత్రం చెరపలేదంటాడు. పొద్దువాలుతుంటే రైతు బిడ్డ పాడే పాట కూడా ఆ కవితలో వినబడుతుంది. అంత పెద్ద కవి కూడా అక్కడి మనుషుల ముఖాల్లో వెతికింది అరబ్బు నెత్తురునే. వాళ్ళ చిరునవ్వు, సాదాతనం ఆ గుర్రపు రౌతుల నెత్తుటి చలవ అంటాడు. ఆ నేల మనిషి ముస్లిమై, ఆ నేల మాటే మాట్లాడుతూ, ఆ నేల నుంచే గెంటివేయబడ్డాడన్న సంగతికి ఆ మహాకవితలో చోటు దొరకలేదు.

ఇక ఆఖరి రాజు అబూ అబ్దుల్లా కథ. గర్నాతాను 1492 జనవరి 2న ఫెర్నాండో, ఇసబెల్లాలకు అప్పగించి వెళ్తూ ఒక కొండ మలుపులో వెనక్కి తిరిగి ఏడ్చాడనీ, మగాడిలా కాపాడుకోలేనిదాని కోసం ఆడదానిలా ఏడుస్తున్నావా అని తల్లి ఎద్దేవా చేసిందనీ చెబుతారు. ఇది చరిత్ర కాదు, తర్వాత అల్లిన కథ. అయినా గైడూ అదే చెబుతాడు, జల్సాలో మన వక్తా అదే చెబుతాడు. ఇద్దరికీ రాజు కన్నీళ్ళే కావాలి. ఆడదాన్ని కించపరిచే మాట కూడా ఇద్దరికీ నచ్చింది. నిజంగా జరిగింది ఇంకొకటి. ఒప్పందం ప్రకారం ఆ రాజుకు అల్‌పుహార్రాస్ కొండల్లో జాగీరు దొరికింది. 1493లో దాన్ని అమ్ముకుని మొరాకో వెళ్ళిపోయాడు. రాజుకు పరిహారం దొరికింది. రయ్యతుకు దొరకలేదు.

హైదరాబాదులో 1948 సెప్టెంబరు గురించి ఉర్దూలో రాసేటప్పుడు 'సుకూత్-ఎ-హైదరాబాద్' అంటాం. 'సుకూత్-ఎ-గర్నాతా' నుంచి తెచ్చుకున్న మాటలా వినిపిస్తుంది. సుకూత్ అంటే పతనం. నిజాం గద్దె దిగడం పతనం. పల్లెల్లో, తాలూకాల్లో చచ్చిపోయిన మామూలు ముసల్మాన్ల లెక్క తేల్చుకోవడం కంటే గద్దె కోసం ఏడవడం మనకు సులువైంది.

కాగితం మీది హామీ

గర్నాతా పడిన తర్వాతి నూటా ఇరవై ఏళ్ళే అసలు చరిత్ర. 1491 నవంబరులో రాసుకున్న ఒప్పందంలో అన్నీ ఉన్నాయి. ముస్లింల మస్జిదులు, షరీఅత్, ఆస్తులు భద్రం. బలవంతంగా ఎవర్నీ మతం మార్చరాదు. సంతకాల తడి ఆరకముందే, 1492 మార్చి 31న, యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టే ఫర్మానా అదే అల్‌హమ్రాలో వెలువడింది. కోటలోకి వెళ్ళే యాత్రికుడు ఇది తెలుసుకుని వెళ్ళాలి. పొరుగువాడి మీద మొదటి దెబ్బ పడినప్పుడు, రెండోది మన మీదేనని తెలుసుకోవడానికి అందలుస్‌ను మించిన పాఠం లేదు.

1499లో కార్డినల్ సిస్నెరోస్ గర్నాతాకొచ్చాడు. బలవంతపు బాప్తిస్మాలు మొదలయ్యాయి. అరబ్బీ పుస్తకాలు బీబ్ రంబ్లా చౌరస్తాలో తగలబెట్టారు. పనికొస్తాయని వైద్య గ్రంథాలు మాత్రం పక్కన పెట్టారు. 1502లో కాస్తీల్ రాజ్యంలో, 1526 నాటికి అరగాన్, వలెన్సియాల్లో ఒకే మాట: క్రైస్తవుడివి కా, లేదా వెళ్ళిపో. వెళ్ళడానికి దారి మాత్రం దాదాపు ఇవ్వలేదు. అట్లా మారినవాళ్ళకు 'మోరిస్కో' అని పేరు పెట్టారు. 'మోరో' అంటే తురకోడు. మారినా ఆ వాసన పోలేదని చెప్పే పేరది.

మారితే సరిపోయిందా? లేదు. పాత క్రైస్తవుడు, కొత్త క్రైస్తవుడు అని రెండు జాతులు తయారయ్యాయి. 'రక్తశుద్ధి' నియమాలు పెట్టి కొత్తవాళ్ళకు పదవులు, సంఘాలు మూసేశారు. ఇన్‌క్విజిషన్ అనే మత విచారణ కోర్టుకు చాడీలు చేరేవి. శుక్రవారం ఉతికిన బట్టలు కట్టుకుంది. పంది మాంసం ముట్టలేదు. చేతులకు గోరింటాకు పెట్టుకుంది. నేల మీద కూచుని కుస్‌కుస్ తిన్నారు. ఇవీ నేరాలు. వంటింట్లోకి తొంగి చూసి మనిషి విధేయత తూచే పద్ధతి ఇది. 2015లో దాద్రీలో ఇంట్లోని మాంసం గురించి పుకారు లేపి ఒక మనిషిని కొట్టి చంపినప్పుడు, 2022లో కర్ణాటకలో తల మీది గుడ్డ కోసం పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టినప్పుడు ఆ చాడీల జాబితా గుర్తుకు రాని మైనారిటీ మనిషి ఉంటాడా?

1567లో రెండో ఫిలిప్ అరబ్బీ భాషను, బట్టలను, స్నానశాలలను, పేర్లను నిషేధించాడు. అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెజ్ మూలే అనే ముసలి మోరిస్కో పెద్దమనిషి గర్నాతా రాజ న్యాయస్థానానికి ఒక అర్జీ రాశాడు. మైనారిటీ అస్తిత్వం మీద నేను చదివిన వాటిల్లో ఇంత సూటి రచన తక్కువ. ఆయన వాదన ఇది. మా ఆడవాళ్ళ బట్టలు ఇస్లాం బట్టలు కావు, ఈ ప్రాంతపు బట్టలు. మీ కాస్తీల్‌లో ఒక్కో సీమకు ఒక్కో కట్టు లేదా? అరబ్బీ మాట్లాడితే ముస్లిమేనా? తూర్పు దేశాల్లో క్రైస్తవులు అరబ్బీ మాట్లాడటం లేదా? స్నానశాల ఒళ్ళు కడుక్కోవడానికి. మా ఇంటిపేర్లు తీసేస్తే ఎవరు ఎవరి బిడ్డో మాకు తెలిసేదెట్లా? మతం వేరు, ప్రాంతం వేరు, సంస్కృతి వేరు అని నాలుగున్నర శతాబ్దాల కింద ఒక ముసలాయన విడదీసి చూపించాడు. అర్జీ బుట్టదాఖలైంది. 1568లో కొండల్లో తిరుగుబాటు లేచింది. 1571కి అణచేశారు. గర్నాతా మోరిస్కోలను ఇళ్ళల్లోంచి ఊడబెరికి కాస్తీల్ అంతటా చెదరగొట్టారు.

ఊరి మాట, అరబ్బీ లిపి

గర్నాతావాళ్ళను 'అరబ్బీ మానండి, మాలో ఒకరవుతారు' అన్నారు కదా. అరగాన్ మోరిస్కోల సంగతి చూడండి. వాళ్ళకు అరబ్బీ తరాల కిందే పోయింది. ఇంట్లో, సంతలో, కలలో వాళ్ళది ఆ ఊరి స్పానిషే. ఖురాన్ అర్థాన్ని, ప్రవక్తల కథల్ని, దువాల్ని ఆ స్పానిష్‌లోనే, కానీ అరబ్బీ లిపిలో రాసుకున్నారు. దీన్ని 'అల్హమియాదో' అంటారు. అజమీ, అంటే అరబ్బీ కాని భాష, అన్న మాట నుంచి వచ్చింది. 1884లో అల్మొనాసిద్ దె లా సియెర్రా అనే ఊళ్ళో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే, దొంగ అటక కింద దాచిన ఇట్లాంటి రాతప్రతుల రాశి బయటపడింది. విలువ తెలిసేలోపు కొన్ని నాశనమయ్యాయి. దాచినవాళ్ళు తిరిగొస్తామనుకునే దాచి ఉంటారు.

ఈ రచయితల్లో ఒకడు 'అరెవాలో కుర్రవాడు'. అసలు పేరు మనదాకా రాలేదు. అతను స్పెయిన్ అంతా తిరిగాడు, మిగిలిన జ్ఞానాన్ని పోగుచేసుకోవడానికి. కోటలు చూడలేదు. ముసలివాళ్ళను వెతుక్కుంటూ పోయాడు. గర్నాతాలో తొంభై దాటిన ఒక ముసలామెను కలిశాడు. ఉబెదా మోరా అని ఆమెను పిలిచాడు. యుద్ధంలో తనవాళ్ళందరినీ పోగొట్టుకుని, ఖురాన్ జ్ఞానాన్ని మాత్రం పోగొట్టుకోని మనిషి. ఎవరైనా నన్ను మంచి యాత్రా రచన పేరు చెప్పమంటే ఇర్వింగ్‌ను కాదు, ఈ పేరు లేని కుర్రవాణ్ణి చెబుతాను.

ఒరాన్ నుంచి ఒక ముఫ్తీ 1504లో వీళ్ళకు ఫత్వా పంపాడు. వజూ కుదరకపోతే గోడకు చేతులానించినా చాలు, నమాజు సైగతో చేసినా చాలు, గుండెలో నీయత్ ముఖ్యం అన్నాడు. కష్టంలో ఉన్న మనిషికి వెసులుబాటు ఇచ్చే ఇస్లాం ఇది. 'నీ ఇస్లాం సరిపోదు' అని కొలబద్ద పట్టుకు తిరిగే మన మౌల్వీ సాబులు ఒకసారి ఆ ఫత్వా చదవాలి.

ఇంతకీ స్పానిష్ మాట్లాడే అరగాన్‌వాళ్ళను ఉండనిచ్చారా? 1609 నుంచి 1614 దాకా మూడో ఫిలిప్ ఆజ్ఞతో దాదాపు మూడు లక్షల మోరిస్కోలను ఓడలెక్కించారు, సరిహద్దులు దాటించారు. కాగితం మీద వాళ్ళంతా బాప్తిస్మం పొందిన క్రైస్తవులే. అరబ్బీ మాట్లాడినవాడూ పోయాడు, స్పానిష్ మాట్లాడినవాడూ పోయాడు. కాబట్టి గొడవ భాషది కాదు, బట్టలది కాదు, చివరికి మతానిది కూడా కాదు. నిన్ను ఇక్కడివాడిగా ఒప్పుకోకూడదని ముందే తీర్మానించుకున్నారు. మిగిలినవన్నీ సాకులు.

సాహిత్యం ఈ మనిషిని పూర్తిగా వదిలేయలేదు. సెర్వాంతెస్ 'దోన్ కిహోతె'లో (మొదటి భాగం 1605) అసలు కథ అరబ్బీలో ఉందనీ, తొలెదో బజార్లో కొన్న కాగితాలను ఒక మోరిస్కో చేత ఎండు ద్రాక్షకూ గోధుమలకూ అనువాదం చేయించాననీ వేళాకోళంగా చెబుతాడు. స్పానిష్ భాష గర్వించే నవలకు కల్పనలోనైనా ఒక మోరిస్కో అనువాదకుడే దిక్కు. 1615లో వచ్చిన రెండో భాగంలో రికోతె అనే కిరాణా వ్యాపారి మారువేషంలో ఊరికి తిరిగొచ్చి పాత ఇరుగుపొరుగు సాంచోను కావలించుకుంటాడు. ఎక్కడున్నా స్పెయిన్ కోసమే ఏడుస్తున్నామనీ, ఆదరిస్తారనుకున్న ఉత్తరాఫ్రికాలోనే తమవాళ్ళకు ఎక్కువ అవమానాలనీ వాపోతాడు. అతనికి కావలసింది గర్నాతా సింహాసనం కాదు, తన ఊరు.

మన కాలంలో ఈజిప్టు రచయిత్రి రజ్వా ఆషూర్ 'గర్నాతా' నవలల్లో (మొదటిది 1994) ఈ పని చేసింది. ఆమె కథ రాజుతో కాదు, పుస్తకాలకు అట్టలు కట్టే అబూ జాఫర్ అనే పనివాడి ఇంటితో నడుస్తుంది. పుస్తకాల మంట చూసి ఆ ముసలివాడు బతకలేకపోతాడు. వైద్యం నేర్చుకున్న మనవరాలు సలీమాను ఇన్‌క్విజిషన్ మంత్రగత్తె అంటుంది. నసీం హిజాజీ పది నవలల్లో లేని గర్నాతా ఈ ఒక్క ఇంట్లో ఉంది. ఇది తెలుగులోకి రావాలి.

పేరు చెరపడం

ఖుర్తుబా మస్జిద్ 785 ప్రాంతంలో మొదలై రెండు వందల ఏళ్ళు పెరిగింది. రోమన్, విసిగోత్ కాలాల స్తంభాలు కూడా అందులో ఒదిగాయి. 1236లో క్రైస్తవుల చేతికొచ్చాక చర్చి అయింది. 1523లో నడిమధ్యన కొంత కూల్చి కెథెడ్రల్ లేపడం మొదలుపెట్టారు. అక్కడిదాకా గతం. 2006లో స్థానిక బిషప్ కార్యాలయం ముప్పై యూరోల ఫీజుతో ఆ కట్టడాన్ని తన పేర రిజిస్టరు చేయించుకుంది. కరపత్రాల్లో 'మస్జిద్' అన్న మాట సన్నబడింది. 2014లో లక్షలాదిమంది సంతకాలు పెట్టి అభ్యంతరం చెప్పారు. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు కారు, ఆ దేశపు సెక్యులర్ పౌరులు. చర్చి వైపు జవాబు: కింద అంతకుముందు మా చర్చి ఉండేది. ఆ చర్చి గురించి పురావస్తు శాస్త్రవేత్తలు ఇంకా కొట్లాడుకుంటున్నారు. 'కింద ఏముంది' అన్న ప్రశ్న ఎక్కడిదాకా పోతుందో 1992 డిసెంబరు 6 చూసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే న్యాయం ఒకవైపే చెప్పకూడదు. 2020లో ఇస్తాంబుల్‌లో మ్యూజియంగా ఉన్న హాగియా సోఫియాను మళ్ళీ మస్జిద్ చేస్తే మన ఉర్దూ పత్రికల్లో సంబరపడినవాళ్ళున్నారు. వాళ్ళకు ఖుర్తుబా కోసం ఏడ్చే హక్కు లేదు. గెలిచినచోట చప్పట్లు, ఓడినచోట కన్నీళ్ళు మైనారిటీ రాజకీయం కాదు.

పత్తి పేరు

స్పానిష్‌లో వేలాది మాటలు అరబ్బీ నుంచి వచ్చాయి. నూనెను అసెయితె అంటారు, దిండును అల్మొవాద అంటారు. పత్తిని అల్గొదోన్ అంటారు, అరబ్బీ అల్-ఖుత్న్ నుంచి. మనుషుల్ని వెళ్ళగొట్టారు గానీ నోట్లోంచి మాటల్ని వెళ్ళగొట్టలేకపోయారు. తెలుగులో జవాబు, ఖాళీ, తారీఖు, వకీలు, హాజరు అంటూ మనల్ని 'మీకు తెలుగెట్లా వచ్చు' అని అడిగేవాళ్ళ సంగతీ అంతే.

పత్తి అంటే నాకు మన దూదేకులవాళ్ళు గుర్తొస్తారు. తరాలుగా దూది ఏకి ఊరికి పరుపులు కుట్టినవాళ్ళు. ఇంట్లో తెలుగే. పేర్లు సైదమ్మ, మస్తానమ్మ. హిందువుకు వాళ్ళు తురకలు. ఉర్దూ మాట్లాడే మనకేమో 'కల్మా సరిగ్గా రానివాళ్ళు'. అల్హమియాదో రాసిన అరగాన్ రైతును పుస్తకాల్లో చదివి కన్నీళ్ళు పెట్టుకునే ఉర్దూ మేధావి, పక్క వీధిలో తెలుగులో దువా చేసే దూదేకుల ముసలమ్మను ముస్లింగా లెక్కపెట్టడు. షాదీకి సంబంధం కలుపుకోడు. గర్నాతా మీద మన ప్రేమ ఎంత నిజమో ఇక్కడే తేలిపోతుంది.

2015లో స్పెయిన్ ఒక చట్టం చేసింది. 1492లో వెళ్ళగొట్టిన యూదుల వారసులు కొన్నేళ్ళ గడువులోపు దరఖాస్తు పెట్టుకుంటే పౌరసత్వం ఇస్తామంది. మంచి పని. మోరిస్కోల వారసులకు అట్లాంటి చట్టం చేయలేదు. ట్యునీషియాలో మోరిస్కోలు కట్టుకున్న తెస్తూర్ ఊరి మస్జిద్ మీనార్‌కు ఒక గడియారం ఉంది. దాని అంకెలు తిరగేసి ఉంటాయి, ముళ్ళు వెనక్కి తిరుగుతాయి. చూసి తీరాల్సిన ప్రదేశాల జాబితాలో నేనైతే దాన్ని అల్‌హమ్రా పక్కనే రాస్తాను.

కాబట్టి యాత్రా వ్యాసం రాసే మిత్రులకు నేను చెప్పేది ఇంతే. కట్టించిందెవరని రాయండి. దానితోపాటు మోసిందెవరు, దాని నీడలో బతికిందెవరు, వాళ్ళ మనవలు ఇప్పుడెక్కడున్నారు అని కూడా రాయండి. నూన్యెజ్ మూలే అర్జీని తెలుగులోకీ ఉర్దూలోకీ తెచ్చే పని మనలో ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. అబూ అబ్దుల్లా కన్నీళ్ళకు ఐదు వందల ఏళ్ళ ప్రచారం దొరికింది. ఆ ముసలాయన వాదనకు ఒక అనువాదమైనా దొరకాలి.